సబ్బుకు పోని మెడ నలుపు: స్పిరిట్‌తో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి

రోజూ స్నానం చేసే పిల్లాడే. అయినా మెడ మీద మురికి పేరుకున్నట్టు గోధుమరంగు, నలుపు కలిసిన మచ్చ. అమ్మ పీచుతో రుద్దుతుంది, అమ్మమ్మ సున్నిపిండి పట్టిస్తుంది. చర్మం ఎర్రబడుతుంది కానీ నలుపు కదలదు. "ఒళ్ళు సరిగ్గా రుద్దుకోవు" అన్న తిట్లు మాత్రం పిల్లాడికి మిగులుతాయి. మీ ఇంట్లో ఇదే జరుగుతుంటే, ఇంకో రకం సబ్బు కొనేముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్, కాస్త దూది ఉంటే చాలు.

ఆ పరీక్షలో బయటపడే సమస్య పేరు టెర్రా ఫర్మా ఫార్మ్ డెర్మటోసిస్. డంకన్, ట్షెన్, నాక్స్ అనే ముగ్గురు వైద్యులు 1987లో దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. అరుదైనదని పుస్తకాల్లో ఉంటుంది. గుర్తుపట్టకపోవడం వల్ల అరుదుగా కనిపిస్తోంది కానీ నిజానికి అంత అరుదు కాదని చాలామంది చర్మవైద్యులు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. ఇది అంటుకోదు, క్యాన్సర్ కాదు, లోపలి ఏ జబ్బుకూ గుర్తు కాదు. దురద ఉండదు, నొప్పి ఉండదు. పిల్లల్లో, టీనేజీలో ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దవాళ్ళకీ రావచ్చు.

మన చర్మం పైపొరలోని కణాలు పండి, ఎండి, మనకు తెలియకుండానే రాలిపోతుంటాయి. కొన్నిచోట్ల అవి సరిగా పండక, రాలాల్సిన సమయానికి రాలక, చర్మపు జిడ్డుతో, చెమటతో, దుమ్ముతో కలిసి గట్టి పొరగా అతుక్కుపోతాయన్నది ఎక్కువమంది వైద్యుల అంచనా. కణాల్లో ఉండే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఆ పొర నల్లగా కనిపిస్తుంది. ఈ పొర సబ్బుకీ నీళ్ళకీ లొంగదు, స్పిరిట్‌కు లొంగుతుంది. శుభ్రంగా ఉండకపోవడం దీనికి కారణం కాదు. రెండుపూటలా స్నానం చేసేవాళ్ళకీ వస్తుంది. ఈ ఒక్క మాట పిల్లలకి ముందుగా చెప్పండి.

మొదట వెలుతురులో కూర్చోబెట్టి చూడండి

ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర. తలకు నూనె రాసిన రోజు వద్దు. నూనె మెడ మీదకు జారి, దుమ్ము పట్టి, లేని నలుపును చూపిస్తుంది. గొలుసు, నల్లపూసలు, తాయత్తు దారం లాంటివి ఉంటే తీసేయండి. రోల్డ్‌గోల్డ్ నగల మరక, కొత్త బట్టల నుంచి దిగిన రంగు, జుట్టు డై మరక కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి.

ఈ సమస్య ఎక్కువగా మెడ మీద, చెవుల వెనక, బొడ్డు చుట్టూ, వీపు మీద, చీలమండల దగ్గర కనిపిస్తుంది. ముఖం మీద, తలలో కూడా రావచ్చు. దగ్గరగా చూస్తే ఒకే రంగు పూసినట్టు ఉండదు. ఎండిన చెరువులో మట్టి నెర్రెలిచ్చినట్టు చిన్న చిన్న బహుభుజి పలకలు, వాటి మధ్య సన్నటి గీతలు కనిపిస్తాయి. చర్మవైద్యులు డెర్మోస్కోప్‌తో, అంటే చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరంతో, వెతికేది కూడా ఈ పలకలనే. మీ దగ్గర అంత పరికరం అక్కర్లేదు, ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే చాలావరకు తెలుస్తుంది. ముట్టుకుంటే కాస్త గరుకుగా ఉంటుంది.

చూస్తూనే కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఎప్పుడు మొదలైంది? పుట్టినప్పటి నుంచీ ఉందా, కొన్ని నెలలుగానా? పుట్టుకతోనో పసితనంలోనో వచ్చి గీతలా సాగిన గరుకు మచ్చ వేరే కథ, అది ఎపిడెర్మల్ నీవస్ అనే పుట్టుమచ్చ రకం కావచ్చు. కాళ్ళంతా, చేతులంతా చిన్నప్పటి నుంచీ పొలుసులు ఉంటే ఇక్తియోసిస్ అనే పొడిచర్మపు జబ్బు కావచ్చు. దురద ఉందా? రసి, పుండు, ఎర్రదనం ఉన్నాయా? వీటిలో ఏది ఉన్నా ఇంటి పరీక్ష ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.

ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

సబ్బు పరీక్ష: తొందరగా అయిపోయేది

మామూలు సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డతో ఒకసారి కడగండి. పీచు వద్దు. మచ్చ పోయిందా? అయితే అది పేరుకున్న మురికే. వైద్యులు దీన్ని డెర్మటోసిస్ నెగ్లెక్టా అంటారు. ఆపరేషన్ కుట్లు ఉన్నచోట, నొప్పి ఉన్నచోట, పక్షవాతం వచ్చిన చేతి కింద ఇది వస్తుంటుంది. ముట్టుకుంటే నొప్పనో భయమనో రోజుల తరబడి అక్కడ నీళ్ళు పోసుకోకపోతే ఇలా అవుతుంది. మంచాన పడిన పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. రోజూ మెల్లగా కడిగితే పోతుంది, అక్కడితో ఆ సంగతి అయిపోతుంది.

సబ్బుకు ఏమాత్రం కదలలేదంటే, తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అసలు పరీక్ష ఇప్పుడు.

స్పిరిట్ పరీక్ష

కావాల్సింది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇంజక్షన్ ఇచ్చే ముందు తుడిచే, పొట్లాల్లో వచ్చే తడి గుడ్డముక్కల్లో, అంటే ఆల్కహాల్ స్వాబ్‌లలో, ఉండేది ఇదే. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఉంటే అల్మారాలో ఓ డబ్బా ఉండే ఉంటుంది. లేకపోతే మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ అడగండి. శానిటైజర్ కూడా ఆల్కహాలే కదా అనిపించవచ్చు. కొంత పనిచేస్తుంది కూడా, కానీ అందులో గ్లిసరిన్, సెంటు, జిగురు లాంటివి కలుపుతారు కాబట్టి పరీక్షకు మాత్రం స్వాబే మేలు.

ముందు జాగ్రత్తలు చెప్పాలి. స్పిరిట్‌కు ఇట్టే మంట అంటుకుంటుంది. వంటగదిలో వద్దు, దీపం, అగరొత్తి, దోమల చక్రం వెలుగుతున్న గదిలో వద్దు. కిటికీ తెరిచి పెట్టండి. కళ్ళ చుట్టూ, పెదవుల మీద, మర్మాంగాల దగ్గర, గీరుకున్న చర్మం మీద వాడకండి. పసిపిల్లలకు అసలు వద్దు. వాళ్ళ చర్మం ఆల్కహాల్‌ను లోపలికి పీల్చుకుంటుంది, ఆవిరి పీల్చినా ప్రమాదమే. బడి వయసు పిల్లలకైనా చిన్న చోటు మాత్రమే. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటివి "అదీ స్పిరిట్ లాంటిదే" అని ముట్టుకోకండి.

ఇప్పుడు మచ్చ మొత్తం మీద కాకుండా, అంచున రూపాయి బిళ్ళంత చోటు ఎంచుకోండి. పక్కన ఉన్న నలుపును ముట్టుకోకుండా అలాగే వదిలేయాలి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి. స్వాబ్‌ను ఆ చోట ఆనించి, గుండ్రంగా, ఓ మోస్తరు ఒత్తిడితో కాసేపు రుద్దండి. గిన్నె తోమినట్టు కాదు, అలాగని దుమ్ము దులిపినట్టూ కాదు. స్వాబ్ ఆరిపోతే కొత్తది తీసుకోండి. మంటగా ఉందంటే ఆపేయండి. సాధారణంగా కాస్త చల్లగా అనిపించడమే తప్ప ఇంకేమీ ఉండదు.

పొర పలచగా ఉంటే కళ్ళముందే లేస్తుంది. దూది గోధుమరంగులోకి మారుతుంది, కింద మామూలు చర్మం బయటపడుతుంది. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టే క్షణమిది. ఈ మచ్చ ఏమిటో తేలక, ముక్క తీసి పరీక్షకు పంపుదామని డాక్టర్ స్పిరిట్‌తో ఆ చోటు తుడవగానే మచ్చే మాయమైన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. బయాప్సీ అక్కడితో ఆగిపోతుంది. ఈ జబ్బుకు పరీక్షా వైద్యమూ ఒకటే అనడం అందుకే.

ఫలితం దూది మీద కాదు, చర్మం మీద చూడండి

చాలామంది ఇక్కడే పొరపడతారు. ఎవరి మెడ మీద స్పిరిట్ రుద్దినా దూదికి కాస్త గోధుమరంగు అంటుతుంది. అది అందరి ఒంటి మీదా ఉండే జిడ్డు, దుమ్ము. దూది నల్లబడింది కాబట్టి జబ్బు ఇదే అనుకోవడానికి లేదు. చూడాల్సింది రుద్దిన చోటు. పక్కనున్న నలుపుకూ దానికీ మధ్య స్పష్టమైన గీత గీసినట్టు తేడా ఉందా? గరుకు పోయి నునుపు వచ్చిందా? పక్కనున్న మంచి చర్మం రంగులో కలిసిపోయిందా? మూడింటికీ అవునంటే సమాధానం దొరికినట్టే.

కాస్త తేలికైంది కానీ పూర్తిగా పోలేదంటే, పొర దళసరిగా ఉండవచ్చు. మర్నాడు అదే చోట ఇంకోసారి చేసి చూడండి. రెండోసారీ అంతే అయితే రుద్దుడు ఆపండి. ఇక దాని సంగతి వేరేగా చూడాలి.

మచ్చ పోయినవాళ్ళు ఏం చేయాలి

మిగతా మచ్చను కూడా ఇలాగే, ఒక్కో విడతకు కొంత చొప్పున తీయండి. మెడ చుట్టూ ఉన్నదంతా ఒక్కరోజే తీసేద్దామన్న ఆత్రం వద్దు. చర్మం ఎండిపోయి, పగిలి, మంట పుడుతుంది. రుద్దిన తర్వాత నీళ్ళతో కడిగి, పొడిగా అద్ది, సెంటు లేని మాయిశ్చరైజర్ పలచగా రాయండి. రెండు మూడు విడతల్లో చాలామందికి పూర్తిగా పోతుంది.

స్పిరిట్‌కు పూర్తిగా లొంగని దళసరి పొర ఉంటే యూరియా, లాక్టిక్ యాసిడ్, శాలిసిలిక్ యాసిడ్ లాంటివి ఉన్న క్రీములు దాన్ని మెత్తబరుస్తాయి. పిల్లలకు వీటిని మీ అంతట మీరు కొని రాయకండి. ముఖ్యంగా శాలిసిలిక్ యాసిడ్‌ను చిన్నపిల్లల ఒంటి మీద ఎక్కువ మేర రాయకూడదు. ఎంత శాతం, ఎన్నాళ్ళు అన్నది డాక్టర్ చెప్పాలి.

కొందరికి మళ్ళీ వస్తుంది. అప్పుడు మళ్ళీ తుడవడమే. వారానికి ఒకసారో నెలకొకసారో ఆ చోటును ఒక స్వాబ్‌తో తుడుస్తుంటే పొర పేరుకునే వీలుండదు. రోజూ తుడవక్కర్లేదు, ముందుజాగ్రత్త పేరుతో ఒళ్ళంతా తుడవడం అంతకన్నా తప్పు. మళ్ళీ వచ్చిందని వైద్యం పనిచేయలేదనుకోకండి. కణాలు రాలే తీరు మారనంతకాలం పొర మళ్ళీ కట్టవచ్చు.

స్పిరిట్‌కు పోకపోతే

మన ఊళ్ళల్లో మెడ నలుపుతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది నిజానికి ఈ గుంపే. వాళ్ళకు ఈ పరీక్ష ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే అసలు వెతకాల్సింది చర్మం మీద కాదని అది చెబుతుంది.

మెడ వెనకా పక్కలా, చంకల్లో, గజ్జల్లో నలుపు ఉండి, ముట్టుకుంటే చర్మం దళసరిగా, మెత్తగా, ముడతలు పడినట్టు ఉంటే అది అకాంథోసిస్ నైగ్రికాన్స్ అయ్యే అవకాశం ఎక్కువ. పక్కనే చిన్న చిన్న పులిపిర్ల లాంటి తోలు బుడిపెలు కూడా కనిపించవచ్చు. ఇది చాలాసార్లు శరీరం ఇన్సులిన్ మాట వినడం లేదని చెప్పే గుర్తు. బరువు పెరిగిన పిల్లల్లో కూడా ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే అసలు ఆలస్యం చేయవద్దు. పరగడుపున షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉన్నా, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నా ప్రీడయాబెటిస్. పరగడుపు షుగర్ 126 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా డయాబెటిస్ వైపు అని అర్థం, డాక్టర్ మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఆడపిల్లలకు నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం కింద వెంట్రుకలు రావడం కూడా తోడైతే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడమని అడగండి.

ఈ నలుపును క్రీములతో తోమడం దండగ. బరువు తగ్గి, ఇన్సులిన్ సంగతి చక్కబడితే రంగు కూడా మెల్లగా తగ్గుతుంది. పెళ్ళి ఖాయమైందని, ఫోటోలు బాగా రావాలని మెడకు ఫెయిర్‌నెస్ క్రీములు, స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాసేవాళ్ళు ఎక్కువ. స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది, చారలు తెప్పిస్తుంది, తర్వాత ఆ నష్టాన్ని సరిచేయడం చాలా కష్టం. నడివయసు దాటినవాళ్ళకు ఇలాంటి నలుపు ఒక్కసారిగా వచ్చి, వేగంగా పాకుతూ, బరువు కూడా తగ్గిపోతుంటే ఆగకుండా డాక్టర్‌ను కలవండి. అరుదుగానే అయినా లోపల క్యాన్సర్ ఉన్నప్పుడు అలా వస్తుంది.

టీనేజీ పిల్లల్లో, యువకుల్లో మచ్చలు ఛాతీ నడుమ, వీపు పైభాగాన, మెడ మీద వచ్చి, మధ్యలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అంచుల్లో విడివిడిగా అల్లుకుని ఉంటే ఇంకో అరుదైన సమస్య గుర్తుకు రావాలి. గూజెరో, కార్టో అనే ఫ్రెంచి వైద్యులు 1927లో వివరించిన ఈ సమస్యను ఇప్పుడు కన్‌ఫ్లుయెంట్ అండ్ రెటిక్యులేటెడ్ పాపిల్లోమటోసిస్ అంటారు. పలికేసరికి నోరు తిరగదు కాబట్టి వైద్యులు కార్ప్ అనేస్తారు. ఇదీ ప్రమాదం లేనిదే. చిక్కంతా దీన్ని శోభి మచ్చలనుకోవడంలో ఉంది. నెలల తరబడి ఫంగస్ క్రీములు రాస్తారు, మాత్రలు మింగుతారు, మచ్చ కదలదు. శోభి అయితే గోకితే సన్నటి పొట్టు రాలుతుంది, ఆ పొట్టును మైక్రోస్కోప్ కింద చూసే కేఓహెచ్ పరీక్షలో ఫంగస్ కనిపిస్తుంది, కీటోకోనజోల్ షాంపూకు లొంగుతుంది. కార్ప్‌కు మినోసైక్లిన్, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కొన్ని వారాలు ఇస్తే చాలామందికి తేటగా పోతుంది. ఇవి డాక్టర్ చీటీ మీద మాత్రమే వాడాలి. మినోసైక్లిన్, డాక్సీసైక్లిన్ గర్భిణులకు, చిన్నపిల్లలకు మామూలుగా ఇవ్వరు. ఇంకో మెలిక కూడా ఉంది. కార్ప్ కూడా కొందరిలో స్పిరిట్‌కు కొంత తగ్గుతుంది. ఛాతీ మీద, వీపు మీద అల్లుకున్న మచ్చ స్పిరిట్‌తో కాస్త పలచబడింది కదా అని ఇంట్లోనే తీర్పు చెప్పేయకండి.

చేయకూడనివి

నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్టు, ఉప్పు పంచదార కలిపిన స్క్రబ్బులు: వీటిలో ఏదీ ఆ పొరను కరిగించదు, మంచి చర్మాన్ని మాత్రం గీరుతుంది. మన చర్మానికి దెబ్బ తగిలినచోట నల్లబడే గుణం ఎక్కువ. రుద్ది రుద్ది తెచ్చుకున్న ఆ కొత్త నలుపు స్పిరిట్‌కూ పోదు, నెలలు పడుతుంది. నలుగు పెట్టుకోవడం వల్ల నష్టమేమీ లేదు కానీ దీనికి అది మందు కాదు. ప్యూమిస్ రాయి మడమలకు మాత్రమే.

డాక్టర్ దగ్గరకు వెళ్తుంటే

స్పిరిట్‌కు పోకపోయినా, మచ్చ పెరుగుతున్నా, దురద, పుండు, రక్తం ఉన్నా చర్మవైద్యుల దగ్గరకే వెళ్ళండి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది, తక్కువ ఖర్చులో అయిపోతుంది. "నల్లగా ఉందండీ" అని ఆపేయకుండా ఎప్పటి నుంచి ఉంది, సబ్బుతో ఏమైంది, స్పిరిట్‌తో ఏమైంది, ఇప్పటిదాకా ఏ ట్యూబులు రాశారు అన్నవి వరుసగా చెప్పండి. ట్యూబుల పేర్లు గుర్తులేకపోతే ఖాళీవైనా పట్టుకెళ్ళండి. చాలా ఓపీల్లో ఈ జబ్బు ఆలోచనలోకే రాదు కాబట్టి, "ఒకసారి స్పిరిట్‌తో తుడిచి చూస్తారా" అని అడగడానికి మొహమాటపడకండి. డాక్టర్ చూసేదాకా కొంత మచ్చను ముట్టుకోకుండా ఉంచండి. మొత్తం తుడిచేసుకుని వెళ్తే చూపించడానికి మొదటి రోజు ఫోటో ఒక్కటే మిగులుతుంది.